ఈగ బతికింది సరే, మనిషి సంగతేమిటి?

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలారంటే, మన డెల్టా వాట్సాప్ గ్రూపుల్లో ఆ పాత మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. రెండు మూడు రూపాల్లో ఉంటుంది గానీ అన్నీ కలిపితే సారాంశం ఇదీ:

"నీళ్లలో మునిగి చనిపోయారని వదిలేయకండి. మూడు నాలుగు గంటల లోపు దొరికితే బతికించవచ్చు. ముందు తలకిందులుగా పట్టుకుని, పొట్ట నొక్కి, గిరగిరా తిప్పి నీళ్లు కక్కించండి. తర్వాత క్వింటాలున్నర కళ్లుప్పు పరిచి, మెడ దాకా ఉప్పుతో కప్పండి. ఒంట్లో నీళ్లన్నీ ఉప్పు పీల్చేస్తుంది. స్పృహ వచ్చాక ఆస్పత్రికి తీసుకెళ్లండి. నమ్మకం లేకపోతే ఈగతో పరీక్షించుకోండి. ఛాతీ మీద నొక్కకండి, ఎముకలు విరుగుతాయి. పిల్లలకైతే అసలే వద్దు. నోట్లో ఊదకండి, మనం వదిలేది చెడు గాలి."

ఇందులో ఒక్కటంటే ఒక్క మాట పనికొచ్చేది. అది "చనిపోయారని వదిలేయకండి" అన్నది. మిగతాదంతా ఆ ఒక్క మాటను పాడు చేయడానికే రాసినట్టుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రేవులన్నీ జనంతో నిండిపోతాయి. అప్పుడు ఈ మెసేజ్ ఇంకా జోరుగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

ఈగతోనే మొదలుపెడతాను. ప్రథమ చికిత్స తరగతులు చెప్పేటప్పుడు ఎవరో ఒకరు లేచి అడిగేది దీని గురించే. "లేదండీ, మేం కళ్లారా చూశాం. గ్లాసులో ముంచిన ఈగ చచ్చిపడి ఉంటే ఉప్పులో పెట్టాం, కాసేపటికి ఎగిరిపోయిందండీ." నిజమే, ఎగిరిపోతుంది. బూడిదలో పెట్టినా ఎగిరిపోతుంది, పొడిగుడ్డ మీద వదిలేసినా చాలాసార్లు లేస్తుంది. ఎందుకంటే ఈగకు ఊపిరితిత్తులు లేవు. దాని ఒంటి పక్కల సన్నటి రంధ్రాలుంటాయి, గాలి వాటిలోంచి గొట్టాల ద్వారా నేరుగా లోపలికి పోతుంది. నీళ్లలో పడితే ఆ రంధ్రాలు మూసుకుని ఈగ మూర్ఛపోతుందే తప్ప వెంటనే చావదు. ప్రాణవాయువు లేకుండా పురుగులు చాలాసేపు అలా ఉండగలవు. ఉప్పు పైతడిని లాగేస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి. మనం ఒంటి రంధ్రాలతో ఊపిరి పీల్చుకునే పనైతే ఈ మెసేజ్ రాసినాయనకు నేనే దండం పెట్టేవాణ్ణి.

ఇక ఉప్పు నీళ్లను పీల్చడం. ఆవకాయ ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట రావడం మన ఇళ్లలో అందరికీ తెలుసు, ఈ మాట నమ్మబుద్ధి కావడానికి కారణం బహుశా అదే. కానీ అది కోసిన ముక్క, అదీ మూడోనాటికి ఊరుతుంది. మనిషి చర్మం నీటిని లోపలికీ బయటికీ అంత తేలిగ్గా పోనివ్వదు. చర్మం కింద కొవ్వు, కండ, పక్కటెముకలు, ఆ లోపల ఊపిరితిత్తులు. బయట పోసిన ఉప్పుకి అక్కడి నీళ్లతో సంబంధమే లేదు. 2022లో బళ్లారి జిల్లాలో ఈ మెసేజ్ నమ్మి ఒక పిల్లాడిని గంటల తరబడి ఉప్పులో కప్పి ఉంచారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే మనసు నాకు లేదు. మెసేజ్ పంపిన వాళ్ల మీదే కోపం.

అసలు కక్కించాల్సినన్ని నీళ్లు ఊపిరితిత్తుల్లో ఉంటాయనుకోవడమే పొరపాటు. మునిగిన వాళ్లలో చాలామందికి అక్కడికి చేరేది కొద్దిపాటి నీళ్లే, అవి కూడా త్వరగా రక్తంలోకి ఇంకిపోతాయి. కడుపులో మాత్రం చాలా ఉండొచ్చు. పొట్ట నొక్కినప్పుడు భళ్లున వచ్చేవి ఆ కడుపులో నీళ్లే. చూసేవాళ్లకు "హమ్మయ్య, నీళ్లు వచ్చేశాయి" అనిపిస్తుంది. నిజానికి ఆ నీళ్లు, వాటితో పాటు తిన్న అన్నం, గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మునిగిన మనిషికి తక్కువైంది గాలి. గాలి అందక ముందు ఊపిరి ఆగుతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది.

తలకిందులుగా వేలాడదీయడం, తిప్పడం మన ఊళ్ల సొంత తెలివి అనుకునేవాళ్లున్నారు. కాదండీ. రెండు మూడు వందల ఏళ్ల క్రితం యూరప్‌లో మునిగినవాళ్లను పీపాల మీద దొర్లించేవారు, గుర్రం మీద బోర్లా వేసి పరిగెత్తించేవారు, కాళ్లు పట్టి వేలాడదీసేవారు. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మునిగినవారిని కాపాడటానికే ఒక సంఘం పెట్టారు. వాళ్లు చెప్పిన పద్ధతుల్లో నోటితో ఊదడం ఉంది, ఒళ్లు వెచ్చబెట్టడం ఉంది, ఆసనం గుండా పొగాకు పొగ ఎక్కించడం కూడా ఉంది. పొగాకు పొగ పోయింది, పీపాలు పోయాయి. నోటితో ఊదడం నిలబడింది. పొట్ట నొక్కడం గురించి అమెరికాలో 20వ శతాబ్దంలో కూడా గట్టి వాదన నడిచింది. గొంతులో ముద్ద అడ్డుపడితే పొట్ట నొక్కే పద్ధతికి పేరు తెచ్చిన డాక్టర్ హైమ్‌లిక్, మునిగినవాళ్లకూ అదే చేయాలని పట్టుబట్టాడు. 1994లో అక్కడి వైద్య సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పరిశీలించి, అందుకు ఆధారం లేదని తేల్చింది. గొంతులో ఏదో ఇరుక్కున్న పసిబిడ్డను ముంజేతి మీద తల కిందకు ఉండేలా బోర్లా వేసి వీపు మీద తట్టడం సరైన పద్ధతే. బహుశా ఆ రెండూ కలిసిపోయి ఈ తలకిందుల చికిత్స పుట్టి ఉంటుంది.

"మూడు నాలుగు గంటల" మాటకొద్దాం. గాలి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గంట పైగా నీళ్లలో ఉండి బతికిన పిల్లలు లేరా అంటే, ఉన్నారు. 1986లో అమెరికాలోని యూటాలో రెండున్నరేళ్ల పాప 66 నిమిషాలు మునిగి ఉండి బతికింది. కానీ అది గడ్డకట్టేంత చల్లటి నీళ్లున్న వాగు. ఒళ్లు ఒక్కసారిగా చల్లబడి మెదడుకు ప్రాణవాయువు అవసరం తగ్గింది. ఆమెను బయటికి తీసిన వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోట్లో ఊపిరి ఊదడం, చేశారు, ఆస్పత్రిలో యంత్రంతో రక్తాన్ని వేడెక్కించారు. గోరువెచ్చగా ఉండే మన పంట కాలువకూ దానికీ పోలిక లేదు. క్వింటాలున్నర ఉప్పు కిరాణా కొట్టు నుంచి వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

"మరి ఉప్పులో పెడితే లేచాడు, మేం చూశాం" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. స్పృహ తప్పినా ఊపిరి ఆడుతూనే ఉన్న మనిషి కాసేపటికి తనంతట తనే లేవచ్చు. ఆ ఘనత ఉప్పుకి పోయింది, అంతే. అలా ఊపిరి బాగానే ఆడుతుంటే చేయాల్సిందల్లా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, ఊపిరి మీద కన్నేసి ఉంచడమే.

ఇప్పుడు అసలు నష్టం చేసే మాట: "ఛాతీ నొక్కకండి, పిల్లలకు అసలే వద్దు." పక్కటెముక విరగొచ్చు. ముఖ్యంగా పెద్దవాళ్లలో విరుగుతుంది కూడా. విరిగిన ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. ఆగిన గుండెను వదిలేస్తే ఎముకలన్నీ చక్కగానే ఉంటాయి, మనిషే ఉండడు.

చేసే పద్ధతి చెబుతాను. ముందు మీరు మునక్కండి. ఈత వచ్చినా మునిగేవాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గట్టు మీద నుంచే వెదురు గెడ, లుంగీ, తాడు, ఖాళీ నీళ్ల క్యాన్, అరటి బోదె, ఏది దొరికితే అది అందించండి. మనవాళ్లు ఈత నేర్పేటప్పుడు కట్టే ఎండు కొబ్బరికాయలైనా సరే. బయటికి తీశాక గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రేవు చప్టా గానీ గట్టు మీది రోడ్డు గానీ మంచిది. నులక మంచం, ఇసుక, బురద వద్దు, మనం నొక్కే బలమంతా కిందికి పోతుంది. ఉప్పు కుప్ప మీదా అంతే!

భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే. అప్పుడప్పుడు నోరు తెరిచి ఎగశ్వాసలాగా లాగుతుంటే అది ఊపిరి కింద లెక్క కాదు. ఒకరిని 108కి చేయమనండి, ఫలానా లాకు దగ్గర, ఫలానా వంతెన పక్కన అని గుర్తు చెప్పమనండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేయండి. పిల్లల దగ్గర ఒంటరిగా ఉండి చేతిలో ఫోన్ లేకపోతే, రెండు నిమిషాలు సీపీఆర్ చేశాకే సాయం కోసం పరిగెత్తాలి.

నోట్లో నాచో గుర్రపుడెక్కో కనిపిస్తే తీసేయండి. కనిపించనిదాని కోసం వేలు పెట్టి కెలకొద్దు. నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోవద్దు, అది వస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లకైతే నుదుటి మీద చెయ్యి వేసి తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదండి. ఛాతీ లేచిందా లేదా చూడండి. మునిగినవాళ్లకు ఊపిరితోనే మొదలుపెట్టాలి. యూరప్ మార్గదర్శకాల్లో మొదట 5 ఊపిర్లు అంటారు, అమెరికా వాళ్లు 2 అంటారు. టెన్షన్‌లో ఏది గుర్తుంటే అది చేయండి.

వెంటనే ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్లీ 30. గట్టిగా లెక్కపెడితే వేగం తప్పదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసిపోయిన చేతులు లోతుగా నొక్కలేవు, ఆ సంగతి నొక్కేవాడికి తెలియదు కూడా.

ఏడాది దాటిన పిల్లలకూ ఇదే పద్ధతి, బలం మాత్రం తేడా. ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు. చిన్నవాళ్లకు ఒక చెయ్యి చాలొచ్చు. సీపీఆర్ తెలిసినవాళ్లు ఇద్దరు ఉంటే 15 నొక్కులకు 2 ఊపిర్లు.

ఏడాది లోపు పసివాళ్ల విషయంలోనే జనం ఎక్కువ భయపడతారు. వాళ్లు మునిగేది కాలువలో కాదు, స్నానాల గది బకెట్లోనూ పెరట్లో తొట్టిలోనూ. తల ఎక్కువ వెనక్కి వంచొద్దు, నిటారుగా పైకి చూస్తున్నట్టు ఉంచాలి. మన నోటితో బిడ్డ నోరూ ముక్కూ రెండూ కలిపి మూసి, ఛాతీ లేచేంత మాత్రమే, బుగ్గల్లో పట్టేంత గాలి ఊదాలి. రెండు చేతులతో ఛాతీని చుట్టూ పట్టుకుని, చనుమొనల గీతకు కొంచెం కింద రెండు బొటనవేళ్లతో నొక్కాలి. లోతు సుమారు 4 సెంటీమీటర్లు. చేతులు చుట్టూ అందకపోతే ఒక అరచేతి మడమతో. గతంలో నేర్పిన రెండు వేళ్ల పద్ధతితో లోతు సరిపోవడం లేదని 2025 అమెరికా మార్గదర్శకాలు దాన్ని పక్కనపెట్టాయి. పాత తరగతుల్లో నేర్చుకున్నవాళ్లు ఇది గమనించాలి.

మధ్యలో వాంతి అయితే మనిషిని మొత్తంగా పక్కకు తిప్పి, నోరు తుడిచి, మళ్లీ మొదలుపెట్టండి. మనిషి కదిలి ఊపిరి తీసుకునేదాకా, లేదా 108 వాళ్లు వచ్చి చేతుల్లోకి తీసుకునేదాకా ఆపొద్దు.

"మనం వదిలేది చెడు గాలి" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటే వదిలేదాంట్లో ఇంకా 16, 17 శాతం ఉంటుంది. ఊపిరి ఆగినవాడికి అది అమృతం. ఛాతీ మాత్రమే నొక్కితే చాలని మన దేశంలో సామాన్యులకు నేర్పుతున్నారు కదా అంటారు. అది ఉన్నట్టుండి గుండె ఆగి కుప్పకూలిన పెద్దవాళ్ల కోసం, వాళ్ల రక్తంలో ఇంకా ప్రాణవాయువు ఉంటుంది. మునిగినవాడి రక్తంలో అదే అయిపోయింది. ఊదడానికి ఎలాగూ మనసొప్పకపోతే నొక్కడమన్నా చేయండి, ఏమీ చేయకపోవడం కంటే మేలు. రొయ్యల చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు షాక్ కొట్టి పడిపోయినవాడికీ సీపీఆర్ ఇదే. కాకపోతే కరెంట్ తీసేదాకా అతన్ని గానీ చెరువు నీళ్లను గానీ ముట్టుకోవద్దు.

మెసేజ్‌లో లేకపోయినా గట్టు మీద తప్పకుండా వినిపించే మాట ఇంకోటి ఉంది: "ముట్టుకోకురా, రేపు కేసవుద్ది." స్పృహలో లేక ఒప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషికి మంచి ఉద్దేశంతో సాయం చేస్తే, దానివల్ల హాని జరిగినా నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పాత ఐపీసీలో ఇదే 92వ సెక్షన్. పక్కటెముక విరిగిందని జైలుకి పంపరు.

ఇక "స్పృహ వచ్చాక ఆస్పత్రికి." ఫోన్ ముందే చేయాలి, స్పృహ కోసం ఎదురు చూడకూడదు. లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికి పోతా" అన్నా వదలొద్దు. లోపలికి పోయిన కొద్ది నీళ్లు కూడా ఊపిరితిత్తులను దెబ్బతీసి, కొన్ని గంటల తర్వాత ఆయాసం తెప్పించవచ్చు. ఆస్పత్రిలో కొన్ని గంటలైనా చూసి పంపుతారు. వెంట వెళ్లేవాళ్లు డాక్టరుకు నాలుగు సంగతులు చెప్పగలగాలి: ఎంతసేపు నీళ్లలో ఉన్నాడు, అవి కాలువ నీళ్లా మురుగు కాలువవా రొయ్యల చెరువువా, ఊపిరి ఊదడం ఎప్పుడు మొదలైంది, మధ్యలో వాంతి అయిందా.