మే నెలా, కార్తీకమా?

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక డాబా. మార్చి నెల, పొద్దు వాలింది. విమల సర్జరీ వార్డులో డ్రెస్సింగులు చూసే సిస్టర్. ఆమె వదిన రాజ్యలక్ష్మి గుంటూరులో ఫిజియోథెరపిస్టు. విమలకు పెదనాన్న కూతురు శారద, వయసు 42, గుంటూరులో స్కూల్ టీచర్. రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని ఇంట్లో చెప్పేసింది. చేయించుకోవాలా వద్దా అన్న తగువు ముగిసింది. ఎప్పుడన్నదే మిగిలింది: రాజ్యలక్ష్మి మే నెల సెలవులంటుంది, విమల కార్తీకం అంటుంది.)

రాజ్యలక్ష్మి: ఏప్రిల్ ఆఖర్లో బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఏడు వారాలు. ఈ ఆపరేషన్‌కి కావాల్సింది ఆరు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు కుట్లు ఆరేలోపే అయిపోతాయి. ఇంక వెతకాల్సిన ముహూర్తం ఏముంది?

విమల: రోహిణీ కార్తెకి రోళ్లు పగులుతాయి వదినా. కుట్లు ఆగుతాయా? కోత ఎలా ఉంటుందో చూడు. చనుమొన చుట్టూ గుండ్రంగా ఒకటి, అక్కణ్ణించి కిందికి నిలువుగా ఒకటి, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఒకటి. తిరగేసిన టీ అక్షరం అనుకో. ఆ నిలువు గీతా అడ్డగీతా కలిసే చోట చర్మపు అంచులన్నీ ఒకే చుక్క మీదికి వస్తాయి. లాగుడంతా అక్కడే, రక్తం తక్కువ అందేదీ అక్కడే. దానికి తోడు మడతలో చెమట. చర్మం నాని తెల్లబడి, రెండో వారంలోనో మూడో వారంలోనో శనగగింజంత నోరు తెరుస్తుంది.

రాజ్యలక్ష్మి: తెరిస్తే మళ్లీ కుడతారా?

విమల: చాలావరకు కుట్టరు. సెలైన్‌తో కడిగి డ్రెస్సింగు మారుస్తూ పోతే లోపల్నించి పూడుకుంటుంది. కానీ వారాలు పడుతుంది. నీ ఏడు వారాల లెక్క అక్కడే తప్పుతుంది.

రాజ్యలక్ష్మి: చెమట ఇప్పుడు మాత్రం లేదా? రొమ్ము కింద ఒరుసుకుని ఎర్రగా పచ్చిపుండై ఉంది శారద వదినకి. భుజాల మీద బ్రా పట్టీలు ఒత్తుకుని పడ్డ గాడులు వేలు దూరేంత లోతు. మెడనొప్పికి నేను నేర్పించిన ఎక్సర్‌సైజులు ఎనిమిది నెలలుగా చేస్తోంది. భుజాలు కొంచెం నిటారయ్యాయి గానీ ముందుకి లాగే బరువు అలాగే ఉందిగా. పది కిలోలు తగ్గి రమ్మంటారు కొందరు. పరిగెత్తలేని మనిషికి పరిగెత్తి రమ్మని చెప్పినట్టు ఉంటుంది.

విమల: బరువు మాట నేను ఎత్తలేదు. ఆరునెలలుగా 68 కిలోల దగ్గరే నిలబడింది, చాలు. బరువు ఇంకా దిగుతూ ఉంటేనే ఆగమంటారు, ఆకారం మళ్లీ మారిపోతుంది కాబట్టి. నా అభ్యంతరం ఆ పచ్చిపుండు. దాని మీద కత్తి పెట్టరు.

రాజ్యలక్ష్మి: ఫంగస్ క్రీము రెండు మూడు వారాలు రాసి, మడతలో పొడి నూలుగుడ్డ పెట్టుకుంటే తగ్గుతుంది. మార్చిలోనే ఉన్నాం.

విమల: హిమోగ్లోబిన్ 9.4. మార్చిలోనే ఉన్నాంగా, ఐరన్ మాత్ర వేస్తే ఎంతకి పెరుగుతుందో చూద్దాం. 10 దాటకపోతే మత్తు డాక్టరు ఇంటికి పంపేసే అవకాశమే ఎక్కువ. పైగా మూణ్ణెల్ల షుగర్ సగటు 7.9. అది రెండు పూటలు అన్నం మానేస్తే దిగేది కాదు. అన్నిటికన్నా నాకు భయం ఆ జర్దా కిళ్లీ. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది. సాధారణంగా చనుమొనని ఊడదీసి అతికించరు వదినా, కింద కొంత కండతో, రక్తనాళాలతో కలిపే ఉంచి పైకి జరుపుతారు. ఆ సన్నటి దారిలో రక్తం ఆగితే చనుమొన నల్లబడి పోతుంది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు జర్దా ముట్టకూడదు. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా అదే లెక్క.

రాజ్యలక్ష్మి: జర్దా మాన్పించే పూచీ నాది. మెడనొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఎవరో ఇచ్చిన చేపనూనె గొట్టం మాత్రలు, వెల్లుల్లి మాత్రలు కూడా వారం పది రోజుల ముందే ఆపిస్తాను. రక్తం కారడం పెంచుతాయి అవి. కూరలో వెల్లుల్లి జోలికి పోనులే. గుండెకని ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, ఆవిడకి ఆ బాధ లేదు.

విమల: మామోగ్రామ్?

రాజ్యలక్ష్మి: నలభై దాటింది కాబట్టి ముందే తీయిస్తాం. ఆపరేషన్ తర్వాత లోపలి మచ్చలు ఫిల్ములో కనిపిస్తాయి, పోల్చి చూడ్డానికి పాతది ఉండాలి. తీసిన కండ ఎలాగూ బయాప్సీకి వెళ్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి మెడనొప్పి చీటీలు, ఆ పుండు ఫొటోలు, ఇది అందం కోసం కాదని సర్జన్ రాసిచ్చే కాగితం ముందే పంపాలి. అయినా ఒప్పుకుంటారని నమ్మకం లేదు.

విమల: సరే, ఆస్పత్రి దాకా నీ లెక్క బానే ఉంది. మూడు నాలుగు గంటల్లో సర్జన్ పని అయిపోతుంది. అసలు పని ఇంట్లో కదా. మే నెలలో శారదక్క ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పు.

రాజ్యలక్ష్మి: ఏం జరుగుతుంది, ఆవకాయ.

విమల: అదీ! యాభై కాయలు కొట్టించి, తుడిచి, జాడీలకెత్తాలి. డాబా మీద వడియాలు. సెలవులకొచ్చిన పిల్లలు, వాళ్లకి తోడు ఆడపడుచు పిల్లలు. ఆరు వారాలపాటు రెండు మూడు కిలోలు మించి ఎత్తకూడదు. నిండు బిందె వద్దు, ఐదు లీటర్ల కుక్కర్ వద్దు. గ్యాస్ సిలిండర్ జరపడం అసలే వద్దు. దండెం మీద బట్టలు ఆరేయడానికి చేయి పైకెత్తకూడదు, అటకమీద డబ్బా అందుకోకూడదు. జడ కూడా మొదటి రెండు వారాలు ఇంకొకరు వేయాల్సిందే. పడుకోబెట్టి చేయిద్దామంటే ఊరుకునే మనిషేనా ఆవిడ?

రాజ్యలక్ష్మి: కార్తీకంలో ఊరుకుంటుందా? అప్పుడు బడి కూడా ఉంటుంది. సగం జీతం సెలవు పెట్టి, తెల్లారుజామున తలస్నానాలు చేసి దీపాలు పెడుతుంది. చేతులు కట్టేసినట్టు కూర్చోబెట్టడం కూడా తప్పే. ఆ సాయంత్రమే లేపి నాలుగడుగులు వేయించాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మోచేతులు ఒంటికి ఆనించి భుజాలు తిప్పడం రెండో రోజునించే మొదలుపెట్టిస్తాను. కదపకపోతే నెలకి భుజం బిగుసుకుపోయి నా దగ్గరికే వస్తారు.

విమల: మంగళసూత్రాలు ఆపరేషన్‌కి ముందే తీయించు. తర్వాత వేసుకున్నా వాటికి తగిలించుకునే పిన్నీసులు ఆరు వారాలు ఉండకూడదు. కొన్నాళ్లు అక్కడ స్పర్శ ఉండదు, గుచ్చుకున్నా తెలియదు. వేడినీళ్ల సంచీ, ఐసు ముక్కలు కూడా అందుకే వద్దనేది. తెలియకుండానే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఇంకో మాట, ఆ ఉదయం కాఫీ తాగి వచ్చేవాళ్లు ఎంతమందో! పాలు కలిసిన కాఫీ అన్నం లెక్కే, ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. ఉత్త మంచినీళ్లయితే రెండు గంటల ముందు దాకా తాగొచ్చు.

రాజ్యలక్ష్మి: ఆపరేషన్ విజయవాడలో, ఇల్లు గుంటూరులో. డిశ్చార్జ్ అయ్యాక ఎక్కడుంచుదాం?

విమల: మొదటి వారం ఇక్కడే, మా ఇంట్లో. రొమ్ము లోపల నెత్తురుగడ్డ కట్టేది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే అయినా తర్వాత కూడా రావచ్చు. ఒక్క వైపే రొమ్ము గట్టిగా బిగిసి, రెండోదానికన్నా పెద్దదై, మాత్రకి లొంగని నొప్పి వస్తే పొద్దున దాకా ఆగేది లేదు. అర్ధరాత్రి కనకదుర్గ వారధి మీద లారీల వెనక ఆగిపోయిన కారులో ఉండకూడదు ఆవిడ.

రాజ్యలక్ష్మి: లోపల ఊరే నెత్తురునీరు బయటికి లాగే డ్రెయిన్ గొట్టాలతో పంపుతారా?

విమల: సర్జన్‌ని బట్టి. కొందరు అసలు పెట్టరు, పెట్టినంతమాత్రాన గడ్డ కట్టదనీ లేదు. పెడితే పిల్లలకి కూడా నేర్పొచ్చు. చేతులు సబ్బుతో కడగాలి. గొట్టం చివరుండే బుడ్డి మూత తీసి కొలగ్లాసులో వంచాలి. బుడ్డిని పిడికిట్లో పూర్తిగా నొక్కి, గాలి పోయి చప్పిడిగా ఉండగానే మూత బిగించాలి. నొక్కకుండా మూత పెడితే అది లాగదు, ఊరికే వేలాడుతుంది. కుడిది వేరు, ఎడమది వేరు రాయాలి. ఎరుపు మారి గులాబీ, తర్వాత గడ్డిరంగు పసుపు అవుతుంది. రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి దిగితే సాధారణంగా తీసేస్తారు. పసుపుపచ్చగా మారినది మళ్లీ చిక్కటి ఎరుపైతే ఫోన్ చేయాలి.

రాజ్యలక్ష్మి: పథ్యం గోల ఒకటుంది. కందిపప్పు తింటే చీము పడుతుందని వాళ్ల అత్తగారు చారన్నమే పెడుతుంది.

విమల: పప్పుకీ చీముకీ సంబంధం లేదు. మాంసకృత్తులు లేకే గాయం మానదు. 68 కిలోల మనిషికి రోజుకి 80 గ్రాములైనా కావాలి. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. రెండు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, పెరుగు, చేపో కోడో ఒక పూట. కుట్ల మీద పసుపు, నెయ్యి, వేపాకు ముద్ద మాత్రం వద్దు.

రాజ్యలక్ష్మి: చూశావా, ఇందులో ఏ ఒక్కటీ మే నెలకి అడ్డం రాలేదు. ఏసీ గది ఒకటి, కరెంటు పోతే ఇన్వర్టర్. ముందు హుక్కులున్న నూలు సర్జికల్ బ్రాలు రెండు కాదు, నాలుగు కొందాం. పగలూ రాత్రీ వేసుకునేదే, చెమటకి తడిసినప్పుడల్లా మార్చాలి. తీగ ఉన్నవి మూణ్ణెల్ల దాకా వద్దు. కొత్త జాకెట్లు కూడా అప్పుడే కుట్టించమందాం, వాపు దిగాక కొలతలు మారతాయి.

విమల: వెల్లకిలా పడుకోగలదా? తల వైపు ఎత్తుగా మూడు దిళ్లు, నాలుగు వారాలు. పక్కకి తిరిగే అలవాటున్నవాళ్లు మొదటి వారం నిద్రలేక ఏడుస్తారు.

రాజ్యలక్ష్మి: ఈ రాత్రినించే అలవాటు చేయమంటాను. రెండు పక్కలా దిండ్లు అడ్డం పెట్టుకుని.

విమల: మరి మచ్చలు?

రాజ్యలక్ష్మి: గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్లో, పట్టీలో మూణ్ణెల్లు. రంగు తేలడానికి ఏడాది, ఏడాదిన్నర. అది నువ్వు కార్తీకంలో చేయించినా అంతే.

విమల: ...ఏప్రిల్ 15న మళ్లీ రక్తపరీక్ష చేయిద్దాం. హిమోగ్లోబిన్ 10 కాదు, 11 దాటి, ఇంట్లో చూసే షుగర్లు దారిలో ఉండి, కింది పుండు ఆరి, జర్దా మానేసి నాలుగు వారాలు నిండుతుంటే, ఏప్రిల్ ఆఖరి వారంలోనే తేదీ తీసుకోమను. రోహిణి వచ్చేసరికి దాదాపు నాలుగు వారాలు అయిపోతాయి. ఒక్కటి తప్పినా కార్తీకమే.

రాజ్యలక్ష్మి: ఒప్పుకున్నాను.

విమల: అప్పటిదాకా మామిడికాయలకి బయానా ఇవ్వొద్దని చెప్పు.