‘కనీసం ఒక్కటి’ దగ్గర ఆగిపోతున్న లెక్క

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో గణితం చదివినవారికి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ఒక ద్విపద విభాజనానికి (ఒకే పనిని కొన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు ఫలిస్తుందో, దాని సంభావ్యతల లెక్క) అంకమధ్యమం, అంటే సగటు, 4. విస్తృతి, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత, 3. చలరాశి, అంటే ఫలించిన సార్ల సంఖ్య, కనీసం 1 అయ్యే సంభావ్యత ఎంత? సగటును విఫలత సంభావ్యతతో గుణిస్తే విస్తృతి వస్తుంది కాబట్టి విద్యార్థి 3ను 4తో భాగిస్తాడు. విఫలత ముప్పావు వంతు, సఫలత పావు వంతు, యత్నాలు 16 అని తేలుస్తాడు. చివరి పంక్తిలో 1 – (3/4)¹⁶ అని రాసి కింద గీత కొడతాడు. పూర్తి మార్కులు పడతాయి.

నేను హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతాను. ఏటా మొదటి వారంలోనే ఈ జవాబును బోర్డు మీద రాసి, దీని విలువ సుమారు ఎంత ఉంటుందని అడుగుతాను. సగమా, పావా, ఒకటికి దగ్గరా? సూత్రం తప్పు చెప్పేవారు దాదాపు ఉండరు. విలువను ఊహించగలిగేవారూ దాదాపు ఉండరు. అది 0.99. ఒక్కోసారికి పావు వంతు అవకాశమే ఉన్న పని అయినా, పదహారు సార్లు ప్రయత్నిస్తే కనీసం ఒకసారి జరిగి తీరుతుందన్నంత మాట. ఆ ప్రశ్నలో తెలుసుకోదగిన సంగతి అదొక్కటే. సరిగ్గా దాని ముంగిట్లోనే మనం పెన్ను మూసేస్తున్నాం.

తప్పు పిల్లలది కాదు. ఇంకో పేరుపొందిన లెక్క చూడండి. చలరాశి 0 నుంచి 7 వరకు విలువలు తీసుకుంటుంది. వాటి సంభావ్యతలు వరుసగా 0, కె, 2కె, 2కె, 3కె, కె², 2కె², 7కె² + కె. అన్నిటినీ కూడి 1కి సమానం చేస్తే కె విలువ పదో వంతని వస్తుంది. ఇంతకీ ఆ చలరాశి లెక్కపెడుతున్నది వేటిని? మొలకెత్తిన గింజలనా, ఆగిన బస్సులనా? ఎవరూ అడగరు. అడిగినా జవాబు ఉండదు. అది సంభావ్యత వేషం కట్టిన వర్గ సమీకరణం. విభాజనమంటే పంపకం. జరగగల వాటన్నిటికీ కలిపి ఉన్నది 1 మాత్రమే, అందులో దేనికి ఎంత భాగమో చెప్పాలి. ఎందుకంత అని అడగనివ్వకుండా పంపకం నేర్పడం ఎలా కుదురుతుంది?

ఆ ‘ఎందుకంత’ అనే ప్రశ్నకు మన ఇళ్లలోనే సామగ్రి ఉంది. అష్టాచెమ్మ ఆటలో నాలుగు గవ్వలు వేస్తాం. వెల్లకిలా పడ్డవి ఎన్నో అన్ని గళ్లు జరుపుతాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అచ్చమైన ద్విపద విభాజనం ఇది. గవ్వల బదులు నాణేలైతే పదహారు పందేలకు 1, 4, 6, 4, 1 అన్న లెక్కలో పడాలి. కాని గవ్వ నాణెం కాదు. ఒక వైపు ఉబ్బు, మరో వైపు చీలిక. సగం సగం అనడానికి మన దగ్గర ఆధారమేమీ లేదు. అందుకని వేసి చూడాల్సిందే. 200 సార్లు వేసి, వెల్లకిలా పడే అవకాశాన్ని అంచనా కట్టి, సూత్రం చెప్పే సంఖ్యలను మనం లెక్కపెట్టిన సంఖ్యల పక్కన రాస్తే విద్యార్థికి సొంతంగా ఒక సందేహం పుడుతుంది: రెండూ ఎంత దగ్గరగా ఉంటే సరిపోయినట్టు? సాంఖ్యకశాస్త్రంలోకి అసలు గుమ్మం ఆ సందేహమే.

అరుదైన సంఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్కగట్టే విభాజనం ఇంకొకటి ఉంది. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ దాన్ని 1837లో ప్రచురించాడు. దాన్ని లోకానికి దగ్గర చేసినవాడు సాంఖ్యకశాస్త్రవేత్త బోర్ట్‌కీవిచ్. 1898లో ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాల తన్నులకు చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 నమోదులు. మొత్తం మరణాలు 122, సగటు 0.61. ఒక్క మరణమూ లేని నమోదులు 108.7 ఉండాలని సూత్రం అంటుంది, ఉన్నవి 109. ఒక్కో మరణం ఉన్నవి 66.3 ఉండాలి, ఉన్నవి 65. రెండేసి ఉన్నవి 20.2కు బదులు 22. ఈ రెండు వరుసలనూ పక్కపక్కన చూసినప్పుడు కలిగే ఆశ్చర్యాన్ని ఏ విద్యార్థికీ దక్కకుండా చేసే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

పరకాల, నర్సంపేట, జమ్మికుంట వైపుల నుంచి మా తరగతులకు వచ్చేవారిలో పత్తి రైతుల పిల్లలు చాలామంది. విత్తన ప్యాకెట్ మీద మొలక శాతం 75 అని ఉందనుకుందాం. ఇంట్లో 100 గింజలను తడి గోనెలో చుట్టి మొలకెత్తిస్తే ఎన్ని రావాలి? సగటున 75. విస్తృతి 18.75, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం సుమారు 4.3. కాబట్టి 70 మొలిస్తే కంపెనీని నిందించాల్సిన పని లేదు, యాదృచ్ఛికంగా ఆ మాత్రం తేడా వస్తుంది. 60 మాత్రమే మొలిస్తే అది దాదాపు మూడున్నర విచలనాల దూరం. ప్యాకెట్ మీది మాటను ఇక నమ్మనక్కర లేదు. అనుమానానికీ ఆరోపణకూ మధ్య గీత ఎక్కడ గీయాలో రైతుకు చెప్పగలిగేది విస్తృతి. దాన్ని మనం సూత్రంగా బట్టీ పట్టిస్తున్నాం. కుదురుకు ఒక గింజ పెడితే పావు వంతు పోగుంటలు (మొలక రాని ఖాళీలు), రెండేసి పెడితే పదహారో వంతు. ఇదీ ఆ అధ్యాయంలోని లెక్కే.

అయితే వీటన్నిటి కిందా ఒక షరతు ఉంది. పాఠ్యపుస్తకం ‘స్వతంత్ర యత్నాలు’ అని రెండు మాటల్లో చెప్పి సాగిపోతుంది. ఒక గింజ గతికీ పక్క గింజ గతికీ సంబంధం ఉండకూడదు. గోనెలో అది దాదాపు నిజం. చేనులో కాదు. తొలకరి కురిసి ఆపై వాన ముఖం చాటేస్తే గింజలన్నీ కలిసే ఎండుతాయి. సగటు మారకపోయినా విస్తృతి ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి చేలను పురుగు తినేసినప్పుడు ఒక్కో రైతు విడివిడిగా నష్టపోలేదు. ఊళ్లకు ఊళ్లే ఒకేసారి నష్టపోయాయి. అప్పివ్వగలిగే పొరుగువాడు కూడా మునిగే ఉన్నాడు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదానికి కారణాలు చాలా ఉన్నాయి, గణితం వాటన్నిటినీ వివరించదు. కాని కష్టాలు ఒక్కొక్కరికీ వేరువేరుగా వస్తాయన్న ఊహ ఎంత ప్రమాదకరమో మన జిల్లాకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? ఆ జిల్లా తరగతి గదిలోనే ‘స్వతంత్ర’ అన్న మాటను చర్చించకుండా దాటేస్తున్నాం.

వరద సంగతీ అంతే. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకుముందు రాష్ట్రంలో అత్యధికం 2013లో వాజేడులో కురిసిన 517.5. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. విలువలు సగటు దగ్గరే గుమిగూడే, గంట ఆకారపు సామాన్య విభాజనం ఒక్కటే తెలిసినవారికి ఇలాంటి వాన అసంభవంగా తోస్తుంది. అందుకే గరిష్ఠ విలువలకు గంబెల్ విభాజనం వంటివి వేరే ఉన్నాయి. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అంటే వచ్చి వెళ్లాక వందేళ్లు నిశ్చింతగా ఉండవచ్చని కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ఇరవై ఏళ్ల అప్పుతో నాలా పక్కన ఇల్లు కట్టుకున్నవారికి, అప్పు తీరేలోగా ఆ వరద కనీసం ఒకసారి వచ్చే సంభావ్యత 1 – (0.99)²⁰, అంటే 18 శాతం. ముప్పై ఏళ్లకైతే 26 శాతం. నాలా ఇరుకైతే ఆ ఒక్క వంతు కూడా ఒక్క వంతుగా ఉండదు. రూపం చూడండి, ఇంటర్మీడియట్ ప్రశ్నలోనిదే. అక్కడ పావు, ఇక్కడ నూరో వంతు.

ప్రవేశ పరీక్షకు సూత్రం చాలు కదా, సిలబస్ పూర్తి చేయవద్దా అని తోటి అధ్యాపకులు అంటారు. వారి ఇబ్బంది నాకు తెలుసు. నేను అడుగుతున్నది కొత్త అధ్యాయం కాదు. ఏళ్లుగా ఈ పాఠానికి కేటాయిస్తున్న 7 మార్కుల్లో ఒకటి చివరి విలువను అంచనా కట్టినందుకు, ఒకటి ‘స్వతంత్ర’ షరతు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో ఒక వాక్యంలో రాసినందుకు ఇవ్వమంటున్నాను. పరీక్ష హాల్లో క్యాలిక్యులేటర్ ఉండదన్నది సాకు కాదు. (3/4)² సగం కన్నా కాస్త ఎక్కువ, దాన్ని వర్గం చేస్తే మూడో వంతు కన్నా తక్కువ, మళ్లీ చేస్తే పదో వంతు, మరొక్కసారి చేస్తే నూరో వంతు. నాలుగు అడుగుల్లో చేతి లెక్కే.

ఈలోగా మా తరగతిలో 1 – (3/4)¹⁶ దగ్గర ఆగిన జవాబు పత్రాన్ని తిరిగి ఇచ్చేస్తున్నాను. పక్కన 0.99 అని రాసి తెచ్చాకే మార్కులు వేస్తున్నాను.