రెండు షెల్‌ల మధ్య నలిగే డాలర్ గుర్తు

ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌కు కమాండ్లు పంపే సాధనం) మీద సర్వర్‌లోని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలును ఒక్క లైను కమాండ్‌తో మార్చేయడమే గొప్ప నేర్పు అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ లైను బెడిసికొడితే "కోట్స్ సరిగ్గా పెట్టుకోవడం రాదా?" అని జూనియర్‌ను నిలదీస్తారు. సరైన కోట్స్ (మాటలను కలిపి ఉంచి, గుర్తులను కాపాడే ఉల్లేఖన చిహ్నాలు) ఏవో చెప్పమంటే మాత్రం నిలదీసినవారే బ్యాక్‌స్లాష్‌లు ఒకటి పెంచి ఒకటి తగ్గించి, పనిచేసేదాకా కుస్తీ పడతారు.

అసలు తిరకాసు ఎస్ఎస్‌హెచ్‌లోనే ఉంది. మనమిచ్చిన కమాండ్‌లోని మాటలను అది విడివిడిగా అవతలికి చేర్చదు. మధ్యలో స్పేసులు పెట్టి, అన్నిటినీ ఒకే స్ట్రింగ్‌గా కలిపి పంపుతుంది. అక్కడి లాగిన్ షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) దాన్ని మళ్లీ మొదటినుంచీ విడదీసుకుంటుంది. అంటే కోట్స్‌ను ఇక్కడి షెల్ ఒకసారి ఒలుస్తుంది, ఏమైనా మిగిలితే అక్కడి షెల్ ఇంకోసారి ఒలుస్తుంది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అని రాసి, ఎస్‌హెచ్ -సి (తర్వాతి ముక్కను కమాండ్‌గా నడిపే షెల్) తర్వాత సింగిల్ కోట్స్‌లో 'సీడీ /ఈటీసీ && ఎల్ఎస్' ఇచ్చి చూడండి. కనిపించేది /ఈటీసీ జాబితా కాదు, మన హోమ్ డైరెక్టరీ జాబితా! కోట్స్ ఇక్కడే రాలిపోవడంతో ఎస్‌హెచ్‌కు దక్కింది ఒక్క సీడీ (డైరెక్టరీ మార్చేది) మాత్రమే, ఎల్ఎస్ (జాబితా చూపేది) విడిగా నడిచింది. ఎర్రర్ కూడా ఉండదు.

ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే తప్పులతో నాకు గొడవ లేదు. సుడో (అడ్మిన్ హక్కులతో నడిపేది) పెట్టి ఎకో (రాతను బయటికి పంపేది) రాసి > గుర్తుతో /ఈటీసీలోకి పంపబోతే పర్మిషన్ లేదంటుంది, ఎందుకంటే ఆ ఫైలును తెరిచేది సుడో కాదు, మామూలు యూజర్‌గా నడుస్తున్న షెల్. సుడోతో టీ కమాండ్ (ఇన్‌పుట్‌ను ఫైలులో రాసేది) వాడితే సరిపోతుంది. భయపెట్టేవి చప్పుడు చేయనివి. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌నే తీసుకోండి. హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించే లైనులో రిటర్న్ 301 తర్వాత హెచ్‌టీటీపీఎస్://$హోస్ట్$రిక్వెస్ట్_యూఆర్ఐ అని ఉంటుంది, ఆ $ పేర్లను నింపాల్సింది ఇంజిన్‌ఎక్స్. ఆ ఫైలును హియర్‌డాక్‌తో (కమాండ్‌లోనే పలు లైన్ల రాతను ఇచ్చే పద్ధతి) పంపేటప్పుడు దాని హద్దు గుర్తైన ఈఓఎఫ్ చుట్టూ కోట్స్ లేకపోతే ఆ రెండు పేర్లూ షెల్ వేరియబుల్స్ అయిపోతాయి. మన షెల్‌లో వాటికి విలువ లేదు కనుక రెండూ మాయమై, హెచ్‌టీటీపీఎస్:// ఒక్కటే మిగులుతుంది. కాన్ఫిగ్‌ను పరీక్షించే ఇంజిన్‌ఎక్స్ -టి దీన్ని తప్పుపట్టదు. రీలోడ్ కూడా సాఫీగా జరుగుతుంది. సైటుకు వచ్చినవాళ్లు మాత్రం ఎక్కడికీ చేరరు.

"అందుకే ఈఓఎఫ్‌కు సింగిల్ కోట్స్ పెట్టాలి" అంటారు. పెట్టారనుకుందాం. కానీ ఆ హియర్‌డాక్ మొత్తం ఎస్ఎస్‌హెచ్‌కు ఇచ్చిన డబుల్ కోట్స్ లోపల ఉంటే? డబుల్ కోట్స్ $ను ఆపవు, వాటి లోపలి సింగిల్ కోట్స్ వట్టి అక్షరాలే. సర్వర్‌కు చేరకముందే మన ల్యాప్‌టాప్ $హోస్ట్‌ను మింగేస్తుంది. నియమం పాటించినా శిక్ష తప్పదు.

ఇదంతా పాత ఆస్తి. బోర్న్ షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. 1995లో ఎస్ఎస్‌హెచ్ పుట్టిందే ఆర్‌ఎస్‌హెచ్ అనే పాత రిమోట్ షెల్ స్థానంలోకి రావడానికి, దాని అలవాట్లూ వెంట తెచ్చుకుంది. ఫైళ్లు పంపే ఎస్‌సీపీలోనూ ఇదే రెండు పొరల తలనొప్పి ఉండేది. 2022లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ (ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాంలలో ఒకటి) 9.0 దాన్ని డిఫాల్ట్‌గా ఎస్ఎఫ్‌టీపీ అనే ఫైల్ బదిలీ పద్ధతి మీదికి మార్చాక, ఫైలు పేర్లకు రెండుసార్లు కోట్స్ పెట్టే బాధ తప్పింది. తయారుచేసినవాళ్లే ఒక పొరను తీసి పారేశారంటే, లోపం కుర్రాడి వేళ్లలోనే ఉందని ఎలా నమ్మమంటారు?

నేనైతే ఫైలును నా దగ్గరే రాసి, ఎస్‌సీపీతో సర్వర్‌లో తాత్కాలిక చోటికి పంపి, పాతదానితో డిఫ్ (తేడాలు) చూసి, ఆ తర్వాతే అసలు చోటికి మారుస్తాను. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ అయితే ఎస్ఎస్‌హెచ్‌డీ -టి అనే కాన్ఫిగ్ పరీక్ష నడిపి, ఇంకో సెషన్ తెరిచే ఉంచుతాను. కమాండ్లు ఎక్కువైతే స్క్రిప్టును సర్వర్‌లోని బాష్ -ఎస్‌కు (ఇన్‌పుట్‌లో వచ్చే కమాండ్లను నడిపే షెల్) ఇన్‌పుట్‌గా పంపితే చాలు, మధ్యలో రెండో ఒలుపు ఉండదు.

ఒక్క లైనుకు ఇంత తతంగమా అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఫైలులో మాటలు మార్చే సెడ్‌తో కొత్త డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టబోయారనుకోండి, అందులో & ఉంది. కోట్స్ అన్నీ దోషం లేకుండా పెట్టినా, ఆ & ఉన్నచోట సెడ్ తనకు దొరికిన పాత ముక్కను దూర్చేస్తుంది. ఇప్పుడు ఏ జూనియర్‌ను తిడతారు?