సవరణ: కెనెడీ హత్య, ఆ ‘మాయ తూటా’

1963లో జరిగిన అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య మీద పోయిన వారం నేను రాసినదాంట్లో తప్పులు దొర్లాయి. టెక్సస్ గవర్నర్ కానలీ కారులో కెనెడీకి సరిగ్గా ముందు, అదే ఎత్తులో కూర్చున్నాడనీ, ఒకే తూటా ఇద్దరికీ తగలాలంటే గాల్లో మలుపులు తిరగాలనీ (అందుకే దాన్ని వెటకారంగా ‘మాయ తూటా’ అంటారు) రాశాను. నిజానికి కానలీ కూర్చున్నది మడత సీటు. అది వెనక సీటు కంటే పల్లంగా, కుడి తలుపు నుంచి సుమారు ఆరంగుళాలు లోపలికి ఉంది. ఆ లెక్కన గీత గీస్తే తూటా దాదాపు తిన్నగానే వెళుతుంది. నేను చూసిన బొమ్మలో ఇద్దరినీ ఒకే వరుసలో గీశారు, దాన్నే గుడ్డిగా నమ్మాను. తూటా చెక్కుచెదరలేదన్నదీ తప్పే, దాని అడుగు భాగం నొక్కుకుపోయి ఉంది.

ఇంకొకటి. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ‘బహుశా కుట్రే’ అని తేల్చిందని రాసి అక్కడే ఆపేశాను. దానికి ముఖ్య ఆధారం పోలీసు రేడియో రికార్డింగు. అందులోని చప్పుళ్లు కాల్పులు జరిగిన దాదాపు నిమిషం తర్వాతివని 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ తేల్చింది. పైగా ఆ 1979 కమిటీయే తగిలిన తూటాలన్నీ, హత్య కేసులో అరెస్టయిన ఆస్వాల్డ్‌వేనంది! కుట్ర అనేవాళ్లు ఈ ముక్క సాధారణంగా మింగేస్తారు, నేనూ మింగేశాను.

ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోను. హత్యపై విచారణ జరిపి ఆస్వాల్డ్ ఒక్కడే కాల్చాడని తేల్చిన వారెన్ కమిషన్ ముగింపును ఒప్పుకున్న కానలీ కూడా, తనకు తగిలింది వేరే తూటా అనే చివరిదాకా చెప్పాడు.