సవరణ: నోబెల్ వచ్చేనాటికి కుట్సీ ఏ దేశస్థుడు?

నిన్నటి పోస్టులో "2003 సాహిత్య నోబెల్ అందుకున్న ఆస్ట్రేలియా నవలాకారుడు జె.ఎం. కుట్సీ" అని ఉంది. అక్కడ చిన్న సవరణ. కేప్‌టౌన్‌లో పుట్టిన ఆయన 2002లో అడిలైడ్ వెళ్లి స్థిరపడినా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నది 2006 మార్చిలో, అక్కడి రచయితల వారోత్సవంలో. అంటే నోబెల్ నాటికి ఇంకా దక్షిణాఫ్రికా పౌరుడే. ఆయన గెలిచిన రెండు బుకర్ సాహిత్య బహుమతులూ (1983, 1999) అంతకు ముందువే. 

అదే పోస్టులో "ముందు నవలలు, తర్వాత పాఠాలు" అన్నదీ తిరగేసి చదువుకోవాలి. లండన్‌లో ఐబీఎం ప్రోగ్రామర్‌గా చేశాక అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో చేరి, రచయిత శామ్యూల్ బెకెట్ శైలిని విశ్లేషించి 1969లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. అమెరికాలోనే బఫెలోలో, ఆపైన కేప్‌టౌన్‌లో యూనివర్సిటీ పాఠాలు చెప్పారు. తొలి నవల వచ్చింది 1974లో.