కోపకబానా మాతకు ముసుగు వేసిందెవరు?

"బొలీవియాలోని కోపకబానా మేరీమాత అసలు మేరీయే కాదు. స్పెయిన్ పాదిరీల కళ్లుగప్పడానికి స్థానికులు తమ భూదేవి పచమామకు తొడిగిన ముసుగు." ఈ మెసేజ్ ఒక ఫొటోతో సహా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. వినడానికి రంజుగానే ఉంది, నిలబడదంతే.

మొదట కళ్లుగప్పడం సంగతి. ఆ విగ్రహం చేసింది స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ నేలను ఏలిన ఇన్‌కాల వంశస్థుడు ఫ్రాన్సిస్కో టిటో యుపాంకీ. తొలిసారి మట్టితో చేసిన బొమ్మను కొత్తగా వచ్చిన పాదిరీ పీఠం మీంచి తీయించేశాడు. యుపాంకీ ఊరుకోలేదు, వెండి గనుల ఊరు పొటోసీ వెళ్లి శిల్పం నేర్చుకున్నాడు. అనుమతికి పోతే బిషప్ దగ్గరా నవ్వులపాలయ్యాడు. మోసమే ఉద్దేశమైతే వాళ్ల ఒప్పుకోలు కోసమే ఇన్ని గడపలు తొక్కుతాడా? పైగా ఊళ్లో ఒక వర్గం మేరీ కావాలంటే ఇంకో వర్గం సెయింట్ సెబాస్టియన్ కావాలని పట్టుబట్టింది. భూదేవికి ముసుగే కావలసివస్తే ఈ మగ పునీతుడితో పనేమిటి? చివరికి 1583 ఫిబ్రవరి 2న మాత కొలువుదీరింది.

మెసేజ్‌లో ఇంకో వాదన: మాత "త్రికోణపు గౌను కొండకు గుర్తు" అట, కొండంటే పచమామే అట. అలాంటి గౌన్లు స్పెయిన్‌లోని మేరీ విగ్రహాలకూ తొడుగుతారు. మెసేజ్‌లోని ఫొటో కోపకబానాదే కాదు. మేరీని కొండగా చూపే ఆ 18వ శతాబ్దపు చిత్రం పొటోసీది.

పాత నమ్మకాలతో సంబంధమే లేదని కాదు. టిటికాకా సరస్సులోని సూర్యద్వీపం ఇన్‌కాల యాత్రాస్థలం, కోపకబానా ఆ దారిలోనిదే. కానీ ఇవాళ అక్కడ దాపరికం ఏదీ? గుడి ముందు పూలదండలు వేసిన కార్లు బారులు తీరతాయి. పాదిరీ తీర్థం చల్లుతాడు, ఓనరు పచమామ పేరిట బీరు చిమ్ముతాడు. ఒకే బండికి, పట్టపగలు! పక్కనున్న కల్వరి గుట్ట దారంతా యేసు సిలువ మోసిన ఘట్టాలను తలపించే సిలువమార్గపు మజిలీలు. పైన, నిజమైనవి దక్కాలని కోరుకునేవాళ్ల కోసం బొమ్మ ఇళ్లు, బొమ్మ బస్సులు, ఉత్తుత్తి డాలర్ల కట్టలు అమ్ముతారు. కొన్నవాటిని యతిరి, అంటే అక్కడి ఐమారా జనం పూజారి, ధూపం వేసి దీవిస్తాడు. కొందరు వాటినే మళ్లీ పాదిరీ దగ్గరికీ పట్టుకెళతారు.

మెసేజ్ చివర "బ్రెజిల్‌లోని రియో నగరపు కోపకబానా బీచ్ పేరే ఈ ఊరికి పెట్టారు" అన్న తోక తలకిందుల మాట. ఈ మాత ప్రతిమకు రియోలో కట్టిన చిన్న గుడి వల్లే ఆ బీచ్‌కు ఆ పేరొచ్చింది.