హంస లేని ఇంట్లో పాల విచారణ

బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండాలా, ఒరిస్సాకు పోవాలా అన్న తగవు ఏళ్ళ తరబడి నడిచి, చివరకు 1936 ఏప్రిల్ 1న తేలిపోయింది. అంతటి తగవుకే ఒక తేదీ దొరికింది గాని, అదే ఊళ్ళోని మా ఇంట్లో తెల్లవారేసరికి పొయ్యి మీదికి రోజూ ఇంటికి తెచ్చి పోసే వాడిక పాలు ఎక్కాలా, సూపర్ మార్కెట్ పాలు ఎక్కాలా అన్న తగవుకు ఇంతవరకు తేదీ దొరకలేదు. కాబట్టి ప్రజాహితం కోరి నేను స్వయంగా జరిపిన విచారణ వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ వ్యవహారంలో నేను తటస్థుణ్ణని ముందే మనవి చేసుకుంటున్నాను. మా ఇంట్లో తటస్థుడంటే అమ్మ చేతా మా ఆవిడ చేతా సమానంగా చీవాట్లు తినేవాడని అర్థం.

అమ్మది వాడిక పాల పక్షం. ముప్పై ఏళ్ళుగా ఒకే కుటుంబం మాకు పాలు పోస్తోంది. తండ్రి సైకిలు మీద వచ్చేవాడు, ఇప్పుడు కొడుకు మోటారు సైకిలుకు రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని వస్తున్నాడు. వీధి మలుపులో ఉండగానే “ఖీర!” అని కేకేస్తాడు. ఒడియాలో ఖీర అంటే పాలేనని తెలియని మా మేనల్లుడు విజయనగరం నుంచి వచ్చిన మొదటి రోజున గిన్నే చెంచా పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తి, “ఇందులో జీడిపప్పేదీ?” అని నిలదీశాడు. మా వీధిలో పాల మీద వచ్చిన ఫిర్యాదులన్నిటిలోనూ పాలాయన దగ్గర సమాధానం లేనిది అదొక్కటే.

మిగిలిన ఫిర్యాదులన్నీ నీళ్ళ గురించే. పాలాయన నీళ్ళు కలుపుతాడన్నది మా ఆవిడ అభియోగం. పాలనూ నీళ్ళనూ వేరు చేసే హంసను పోషించే స్థోమత నాకు లేదు గనుక ఒక లాక్టోమీటరు కొన్నాను. పాలు నీళ్ళకంటే కాస్త బరువు. నీళ్ళు కలిపిన కొద్దీ ఆ గాజు గొట్టం లోతుగా మునుగుతుంది. మరునాడు పొద్దున్నే గుమ్మంలో, న్యాయస్థానంలో ఉండదగిన గాంభీర్యంతో, గొట్టాన్ని చెంబులో వదిలాను. అది 29 దగ్గర తేలింది. అంటే పాలు నికార్సైనవేనని గొట్టం సాక్ష్యం. నేను ఆవిడ వైపు తిరిగేలోపే పాలాయన క్యాను మూత బిగిస్తూ, “అది మీగడ తియ్యని పాలకేనండి బాబూ. మీగడ తీసేస్తే పాలు బరువెక్కుతాయి. ఆ మీదట నీళ్ళు పోస్తే లెక్క మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడుతుంది” అని వివరించాడు. బండి ఎక్కాక, “కొందరు చేస్తారట” అని ఒక్క ముక్క చేర్చి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తరవాత చదివి తెలుసుకున్నాను. కొవ్వు తేలిక పదార్థం గనుక దాన్ని తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్ళు దాన్ని దించుతాయి, గొట్టం మాత్రం ఏమీ ఎరగనట్టు తేలుతుంది. అది ఇప్పుడు మా పుస్తకాల బీరువాలో విశ్రాంతి తీసుకుంటోంది.

మా ఆవిడది సూపర్ మార్కెట్ పక్షం. ఆమెకు అక్కడి పాలలో నచ్చేది నిజాయితీ. ప్యాకెట్టు మీద అన్నీ రాసి ఉంటాయి: టోన్డ్ పాలైతే కొవ్వు 3 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు 8.5 శాతం, స్టాండర్డైజ్డ్ అయితే కొవ్వు 4.5, ఫుల్ క్రీమ్ అయితే 6. చిక్కల్లా ఆ అంకెలను కూడితేనే వస్తుంది. మూడూ ఎనిమిదిన్నరా కలిపి పదకొండున్నర. మిగిలిన 88.5 వంతులూ ఏమిటని ఆవిడను గౌరవపూర్వకంగా అడిగాను. నీళ్ళే. న్యాయంగా చెప్పాలంటే, పొదుగులో ఉన్నప్పుడే ఆవు పాలలో నూటికి 87 వంతుల దాకా నీరుంటుంది. అయినా ఆవు మీద ఇంతవరకు ఎవరూ కేసు పెట్టలేదు. కాని టోన్డ్ పాల పుట్టుక వేరు. చిక్కటి గేదె పాలలో నీళ్ళూ, వెన్న తీసిన పాలపొడీ కలిపి, కొవ్వు శాతం దించి, అవే పాలను ఎక్కువ మందికి తక్కువ ధరకు అందించే ఉపాయం 1940లలో బొంబాయిలో మొదలైంది. మంచి ఉపాయమే, ఎందరో పిల్లల కడుపు నింపింది. అయితే తెల్లవారుజామున చీకట్లో బోరింగు దగ్గర జరిగితే కల్తీ అనిపించుకునే పని, స్టీలు యంత్రంలో జరిగి లైసెన్సు నంబరుతో సహా అచ్చయ్యేసరికి పౌష్టికాహారం అనిపించుకోవడం నా విచారణకు కొంత ఇబ్బంది కలిగించింది. నీళ్ళతో పాటు పాలపొడి కూడా కలపడం మర్యాద. మా పాలాయన ఆ మర్యాద ఇంకా నేర్చుకోలేదు.

మేడ మీద అద్దెకుంటున్న రిటైరైన లెక్కల మాస్టారిది మూడో పక్షం. దేశంలో పాలన్నవే లేవనీ, మనం తాగుతున్నదంతా యూరియా, సబ్బుపొడి అనీ ఆయన ఫోనుకు రోజూ సందేశాలు వస్తాయి, ఆయన వాటిని రోజూ మాకు పంచుతారు. 2018లో జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 నమూనాలు తీసి పరీక్షిస్తే, ఆరోగ్యానికి చెరుపు చేసే కల్తీ బయటపడినవి 12 మాత్రమేననీ, కొవ్వూ ఘనపదార్థాల లెక్క తప్పినవే చాలా ఎక్కువనీ నేను వినయంగా తెలియజేశాను. మాస్టారు ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆ పన్నెండూ మన ఊళ్ళోవే అయి ఉంటాయని తేల్చుకున్నాక గాని ఆయన మనసు కుదుటపడలేదు.

ఆరోగ్యం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. పచ్చిపాలను కాచకుండా తాగకూడదు, అందులో వాదన లేదు. ప్యాకెట్టు పాలను 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు వేడి చేసే పంపుతారు గనుక మళ్ళీ కాచనక్కర లేదంటారు. నేనెరిగిన ఏ ఇంట్లోనూ ఈ మాట చెల్లలేదు. మా ఇంట్లో ఆ పాలు కూడా పొంగి, పొయ్యి మీద పడి, మాడు వాసన వచ్చాకే కాగినట్టు లెక్క.

విచారణలో నన్ను ఎక్కువ కాలం నిలబెట్టింది కొసరు. పాలాయన కొలత డబ్బాతో లీటరు పోసి, క్షణం ఆగి, అమ్మ చెంబును వెనక్కి తీసుకోకుండా చూస్తూ ఉండగా, మళ్ళీ ఒక్కసారి డబ్బా వంచుతాడు. లీటరుకు డబ్బులిస్తాం, కొసరుకు కాదు. అయినా అమ్మ దృష్టిలో లీటరు కేవలం కొసరుకు ఉపోద్ఘాతం. “ఆ కొసరులో ఉన్నవీ నీళ్ళే కదా అత్తయ్యా” అంటుంది మా ఆవిడ. “అయితేనేం, ఊరికే వచ్చినవి” అంటుంది అమ్మ. పరిశోధనలో లోటు ఉండకూడదని సూపర్ మార్కెట్లో బిల్లు వేసే కుర్రాణ్ణి కొసరు అడిగాను. అతడు కంప్యూటరు కేసి చూసి, “మీ కార్డులో రెండు పాయింట్లు పడ్డాయి సార్” అన్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే, పాయింట్లు తోడుకుంటాయా అని అమ్మ అడిగింది.

నాగాల లెక్క మరొక పురాణం. పాలు రాని రోజున అమ్మ వంటింటి క్యాలెండరులో సున్నా చుడుతుంది. నెలాఖరుకు ఆమె సున్నాలు అయిదు, పాలాయన జ్ఞాపకంలో మూడు. అమ్మ తెలుగులో గద్దిస్తుంది, ఆయన ఒడియాలో సర్దిచెబుతాడు. లెక్క తేలే ఘట్టం దగ్గరపడగానే ఇద్దరూ భాషలు మార్చుకుంటారు: అమ్మ ఒడియాలో బతిమాలుతుంది, ఆయన తెలుగులో మొరాయిస్తాడు. ఎప్పుడూ నాలుగు దగ్గరే రాజీ కుదురుతుంది. గేదె ఈనిన వారంలో మాత్రం ఈ వైరమంతా మాయమై, జున్నుపాల చెంబు అడక్కుండానే గుమ్మం దాటుతుంది. సూపర్ మార్కెట్ వారికి గేదె ఎప్పుడు ఈనుతుందో కబురు ఉన్నట్టు లేదు.

ఇక పాలు విరిగిన రోజు. మన ఇళ్ళల్లో అది చిన్నపాటి అపశకునం, కాఫీ లేని ఉదయం. అయితే మనం ఉంటున్నది, పాలు విరగ్గొట్టి చేసే రసగోలాకు 2019లో భౌగోళిక గుర్తింపు సాధించుకున్న రాష్ట్రంలో. మొన్న వేసవిలో పాలు విరిగితే మా ఆవిడ డబ్బు వెనక్కి ఇమ్మంది, పాలాయన గిన్నెలోకి తొంగి చూసి, “ఎంత మంచి ఛెనా పడిందమ్మా!” అని ఆ విరుగుడు ముద్దను అభినందించాడు. పక్కింటి ఒడియా ఆవిడ ఆ గిన్నె పట్టుకెళ్ళి, సాయంత్రానికి ఛెనాపోడ అనే కాల్చిన మిఠాయి చేసి సగం మాకు పంపింది. దాంతో మా ఆవిడ అభియోగ పత్రంలో ఒక పేజీ బలహీనపడింది.

తీర్పు రాద్దామని కూర్చోబోయిన ఆదివారం నాడు సూపర్ మార్కెట్‌కు వెళితే, చల్లని పాలుండే అల్మరా ముందు మా పాలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు ప్యాకెట్లు. నన్ను చూసి తడబడలేదు. వాడికల వాళ్ళకు పోసేసరికి ఇంట్లో టీకి చుక్క కూడా మిగలడం లేదనీ, పిల్లలు కూడా ఈ పాలకే అలవాటు పడ్డారనీ చెప్పాడు. తరవాత ఈ మూడు రంగుల ప్యాకెట్లకూ తేడా ఏమిటని అడిగాడు. దొరికిన అవకాశాన్ని వదులుకోలేక, మూడూ నాలుగున్నరా ఆరూ అని అంకెలు వివరించి, టోన్డ్ పాల పుట్టుక కూడా బొంబాయి నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన ప్యాకెట్టును తిప్పి తిప్పి చూసి, వృత్తిలో పెద్దవాళ్ళను చూసినప్పటి గౌరవంతో ఆ అక్షరాలను బొటనవేలితో తడిమాడు.

“అంటే ఎంత పలచన చేసిందీ వీళ్ళే పైన రాసుకుంటారా బాబూ?”

అవునన్నాను.

“రాసేస్తే కోడలమ్మగారు ఇంకేమీ అనరా?”